ప్రాణహితల ఎండకాలం ఫ్లై ఫిషింగ్: నీళ్లు ఎట్లున్నయి, ఎక్కడ దిగాలె, పిట్టల గుడ్ల సంగతేంది?

సిరోంచ పోరడు:

అందరికి నమస్తె. మాది సిరోంచ, గడ్చిరోలి జిల్లా, నౌకరి పుణెల. పోయినేడు హిమాచల్‌ల తీర్థన్ నది మీద మూడు రోజులు ఒక గైడు దగ్గర ఫ్లై ఫిషింగ్ నేర్చుకున్న, ఇగ అప్పటి సంది పానమంత దాని మీదనే ఉన్నది. తెల్వనోళ్ల కోసం చెప్తున్న, మన గాలం లెక్క ఇండ్ల వానపాము గుచ్చుడు, పిండి పెట్టుడు, సీసం గుండు కట్టుడు ఉండదు. ఈకలు, దారం, వెంట్రుకలు గాలానికి చుట్టి పురుగు తీరు చేస్తరు, దాన్నే ఫ్లై అంటరు. అది ఎండుటాకంత తేలిక, విసిరితే పోదు, అందుకని లైనే లావుగ బరువుగ ఉంటది, ఆ లైన్‌ను వెనుకకు ముందుకు ఊపి ఇడిస్తె దాని ఊపుకు ఫ్లై పోయి నీళ్ల మీద మెల్లగ వాలుతది.

చెల్లె పెండ్లికని పదిహేను రోజులు ఊరికొచ్చిన, 6 వెయిట్ రాడ్, అంటె నడిమి బరువు లైన్‌కు సరిపోయే రాడ్, ఎంబడి తెచ్చుకున్న. భరణి కార్తె నడుస్తున్నది, పొద్దున తొమ్మిది దాటితె బయట నిలవడ రాదు. నిన్న ఐదున్నరకే రేవు కాడికి పోయిన. వానకాలం ఆ ఒడ్డు ఈ ఒడ్డు ఒక్కటై పారే ప్రాణహిత ఇప్పుడు మూడు పాయలైంది, నడుమంత ఇసుక. ఒక పాయ మోకాలు లోతు, నీళ్లు అద్దం లెక్క ఉన్నయి, అడుగున గులకరాళ్లు లెక్కవెట్టొచ్చు. ఇంకో పాయ గట్టు పొంటి పోయి ఒక మడుగుల ఆగింది, అండ్ల నీళ్లు ఆకుపచ్చ. ఆ మడుగుల తెల్లారంగనే చేపలు నోర్లు పైకి పెట్టి తేలుతున్నయి, ఒకటి రెండు కాదు, మస్తున్నయి. ఇంతకన్న మంచి జాగ ఏముంటది అనుకొని గంటన్నర విసిరిన, ఒక్కటి కూడ ముట్టలే.

తిరిగొచ్చేటప్పుడు ఇసుక మీదికెల్లి అడ్డంగ నడిస్తె తోక చీలిన తెల్ల పిట్టలు, నెత్తి నలుపు, ముక్కు పసుపు, ఒకటే ఒర్రుడు, నా తలకాయ మీదికి దిగి దిగి పోతున్నయి. కిందికి చూస్తె నా చెప్పుకు జానెడు దూరంల రెండు గుడ్లు, ఇసుక రంగే, చుక్కలు చుక్కలు. ఇంకొక్క అడుగేస్తె తొక్కేటోన్ని. గుండె జల్లుమన్నది.

అందుకే అడుగుతున్న. ఈ కాలంల ప్రాణహిత మీద ఫ్లైతోని ఏ చేప వస్తది, ఎక్కడ నిలవడాలె, మడుగుల చేపలు ఎందుకు ముడుతలేవు, ఇంక ఆ పిట్టలకు ఇబ్బంది కాకుంట నదిల తిరుగుడు ఎట్ల? పట్టిన చేపను తినుటానికి కాదు, ఇడిసిపెట్టుటానికే పడుత.


అహేరి అల్లుడు:

తమ్మీ, నాది కాగజ్‌నగర్, అత్తగారిది అహేరి, పన్నెండేండ్ల నుంచి డెన్వర్‌ల ఉంటున్న, సౌత్ ప్లాట్ నది మీద వారం వారం ఫ్లై రాడ్‌తోనే ఉంట. నీ పోస్ట్ చూసి నిద్ర ఆపుకొని రాస్తున్న.

ముందు ఒక సంగతి మనసుల పెట్టుకో. ఫ్లై ఫిషింగ్ వీడియోలు, పుస్తకాలు అన్నీ చల్లటి నీళ్ల ట్రౌట్ చేప కోసం వచ్చినయి. ఇక్కడ కొలరాడోల వసంతం చివర అంటే మే నెలల కొండల మీద మంచు కరుగుతది, నది నిండి బురద రంగుల ఉరుకుతది, మేము చాన మంది జూన్ సగం దాక పెద్ద నదుల జోలికి పోము. ఆ వరద రాకముందు ఏప్రిల్ చివర, మే మొదట్ల కాడిస్ అనే పురుగు రెక్కలొచ్చి లక్షల్ల లేస్తది, దాని పిల్ల నీళ్ల అడుగున ఇసుక రేణువులు, పుల్లలు అతికించుకొని చిన్న గూడు కట్టుకొని ఉంటది. వరద తగ్గేటప్పుడు సాల్మన్‌ఫ్లై అని వేలంత పురుగు, మూడు నాలుగేండ్లు రాళ్ల కింద బతికి కొన్ని రోజుల కోసం రెక్కలు తొడుక్కొని బయటికొస్తది. ట్రౌట్ వాటి కోసం పిచ్చిగ పైకి లేస్తది. ఇదంత ఇక్కడి సంగతి. మన ప్రాణహితకు మంచు లేదు, వార్ధ, వైన్‌గంగ రెండూ వాన మీద బతికే నదులే, కాబట్టి అదే మే నెలల మన నది ఏడాదిల అన్నిటికన్న సన్నగ, తేటగ, వేడిగ ఉంటది. ఇక్కడ వరద ఎప్పుడు తగ్గుతదా అని చూస్తం, అక్కడ వాన ఎప్పుడు పడుతదా అని చూడాలె.

రెండోది వేడి. ఒక థర్మామీటర్ కొను, నూరు రెండు నూర్ల రూపాయల్ల వస్తది, దారం కట్టి నీళ్లల్ల వెయ్యి. నీళ్లు ఎంత చల్లగ ఉంటె అంత ఆక్సిజన్ పట్టుకుంటయి. 10 డిగ్రీల కాడ లీటర్‌కు 11 మిల్లీగ్రాముల పైన పడుతది, 30 డిగ్రీల కాడ ఏడున్నరే. ట్రౌట్ అయితే 20 డిగ్రీలు దాటంగనే మేము రాడ్ మలుపుకొని ఇంటికి పోతం, ఎందుకంటె కొట్లాడి అలసిన చేపను మనం ఎంత మంచిగ ఇడిసినా అది వెనక సచ్చిపోతది. మోంటానాల అయితే మూడు రోజులు వరుసగ నీళ్లు 73 ఫారన్‌హీట్, అంటె 23 డిగ్రీల లెక్కకు వస్తె మధ్యాహ్నం 2 నుంచి అర్ధరాత్రి దాక చేపలు పట్టుడు బంద్ పెడ్తరు. మన రవ్వ, బొచ్చె ఎండకు అలవాటైన చేపలే, 30 డిగ్రీలకు ఏం కాదు, కాని దానికీ ఒక హద్దున్నది, ఎండ నెత్తి మీదికొచ్చినంక మోకాలు లోతు పాయల నీళ్లు ఎంతకు పోతయో నువ్వే కొలిచి చూడు.

పారే పాయల ఒక చేతిలో పట్టేంత రాయి తీసి తిరగేసి చూడు. దాని అడుగున చిన్న చిన్న పురుగులు, తోకకు మూడు పోగులు ఉన్నవి కనవడితె అవి మేఫ్లై పిల్లలు. అవే ఆ పాయల చేపల తిండి. చూసినంక రాయిని ఎట్లున్నదో అట్లనే పెట్టు. గా పురుగు తీరు ఉన్న 14, 16 నంబర్ ఫ్లై, అంటె చిన్న సైజు గాలంది, కట్టు. నీళ్లు అంత తేటగ ఉన్నప్పుడు లీడర్, అంటె లైన్ కొసకు ఫ్లైకి నడుమ కట్టే సన్నదారం, 9 అడుగులు సాలదు, 12 చెయ్యి, తెల్ల అంగీ ఏసుకోకు, సూర్యుడు నీ వెనుక ఉంటె నీడ నీళ్ల మీద పడుతది, పక్కకు జరుగు. గాలం మొన కాడ ఉండే ఎదురు ముల్లును పట్టకారతోని నొక్కెయ్యి. చేపను పట్టేముందు చెయ్యి తడుపుకో, దాని ఒంటి మీది జిగురు పొర పోవద్దు, వేడి ఇసుక మీద పండవెట్టి ఫోటో మాత్రం తియ్యకు. నీళ్లల్లనే ఉంచి గాలం తీసెయ్యి.

మడుగుల చేపలు ఎందుకు ముట్టలేదో నాకు ఒక అనుమానం ఉన్నది కాని అక్కడ నదిల బతికేటోళ్లు చెప్తేనే బాగుంటది.


ఆసరెల్లి గంగపుత్రుడు:

తమ్మీ, నువ్వు చూసిన చేపలు మేతకు లేవలే. ఊపిరాడక తేలినయి.

మా తాతల సంది ఇదే పని, నేను నలభై ఏండ్ల సంది వల పట్టిన, కొంచెం ఇడమర్చి చెప్త. మడుగు నీళ్లు పచ్చగున్నయి అన్నవు గద, అది నాచు. పగలు ఎండకు ఆ నాచే నీళ్లకు గాలి ఇస్తది, రాత్రి అయితె అదే నాచు ఆ గాలిని పీల్చుకుంటది, చేపలు గూడ పీల్చుకుంటయి, పారుడు లేదు, కొత్త నీళ్లు రావు. ఇగ తెల్లారెటాల్లకు మడుగుల గాలి అడుగంటుతది. అందుకే కోడికూత యాల్ల చేపలన్ని మీదికొచ్చి నోర్లు తెరుస్తయి. ఎండ ఎక్కినంక మల్ల కిందికి పోతయి. అందరు తెల్లారగట్ల చేపలు పట్టుమంటరు, పారే నీళ్లకు అది సరైన మాటనే, కాని నిలిచిన మడుగుకు అదే అన్నిటికన్న చెడ్డ యాల్ల. గప్పుడు నీ గాలానికి పడ్డదనుకో, సగం సచ్చిన దాన్ని ఇంకింత సంపుడే. నువ్వు ఇడిసిపెడ్త అంటున్నవు, ఇడిసినా అది బతుకది. కొర్రమట్ట ఒక్కటి తప్పిచ్చుకుంటది, అది మీదికొచ్చి మన లెక్కనే గాలి మింగుతది, బురదల గూడ బతుకుతది.

ఇంకొకటి గూడ ఇను. ఈ ఎండల నది ఎండినంక చేపలన్ని పోయి చేరేది ఆ మడుగులల్లకే. పెద్ద రవ్వ, బొచ్చె, వాలుగ అన్ని అండ్లనే. ఇప్పుడు రవ్వ కడుపుల గుడ్డు పడుతది, తొలకరి వరదకు ఎదురెక్కి పోయి పెడ్తది. వచ్చే ఏడు నదిల ఉండే చేప అంత గిప్పుడు గా నాలుగు మడుగులల్ల ఉన్నదన్నట్టు. మా ఊరి పెద్దమనుషులు ఎనుకట కొన్ని మడుగులకు రోహిణి కార్తె దాటెదాక వల ఎయ్యకపోదురు, గంగమ్మ మడుగు అని పేరు పెట్టి. ఇప్పుడు గది పోయింది. రాత్రి వచ్చి నీళ్లల్ల తోటాలు, అంటె పేలుడు మందు, ఏసెటోళ్లున్నరు, పొద్దున పోయి చూస్తె బొటనేలంత పిల్లల కాడికెల్లి తెల్లగ తేలుతయి, వాళ్లు పెద్దయి నాలుగు ఏరుకొని పోతరు, మిగిలినయి కంపు గొడ్తయి. బ్లీచింగ్ పౌడర్ కలిపెటోళ్లున్నరు. దోమతెర కట్టి ఊడ్చెటోళ్లున్నరు. నేను వల మీద బతికేటోన్ని, చేప పట్టొద్దని చెప్పుతలేను, కాని ఒక్క తోటాకు నా నెల రోజుల కూడు పోతది, నా మనుమని కూడు గూడ పోతది.

మిరుగు వస్తుందంటె ఇంకింత ఎక్కువైతది. మిరుగం నాడు చేప తినాలె అని అందరికి పట్టింపు, మాకు గూడ ఆ ఒక్క రోజు ధర మంచిగ వస్తది. కాని ఆ ముందటి వారం మార్కెట్ల కోసిన ప్రతి రవ్వ కడుపుల గుడ్డే ఉంటది, మా ఆడోళ్లు కోస్తుంటె నాకు సూడ బుద్ధి కాదు.

నువ్వు నిలవడాల్సిన జాగ పారే పాయ. గులకరాళ్ల మీద నీళ్లు గలగల అనేకాడ పరకలు, చిన్న రవ్వలు ఉంటయి, అక్కడ నీళ్లకు గాలి ఎప్పుడు ఉంటది, ఎంత పొద్దుగాల పోయినా మంచిదే. పాయ పోయి లోతుల కలిసే కాడ మెట్టు తీరు ఉంటది సూడు, అక్కడ పొద్దుగూకినంక వాలుగ చిన్న చేపల కోసం కాచుకొని ఉంటది. దాని నోట్లె పండ్లు రంపం లెక్క, నీ సన్నదారం ఒక్క కొరుకుడుకు పోతది. గట్టు మీద మేడిచెట్టు వంగి ఉన్నకాడ పండ్లు టపటప పడ్తుంటె రవ్వలు, పెద్ద పరకలు కిందికొస్తయి, మేము మేడిపండే గాలానికి గుచ్చేటోళ్లం చిన్నప్పుడు. నీ ఈకల పురుగు బదులు మేడిపండు తీరు ఎర్రగ ఏమన్న కట్టుకొస్తె సూడు.

మేడిగడ్డ పైన మీ సిరోంచ దిక్కు, బ్యారేజి గేట్లు దించినన్ని రోజులు నీళ్లు నిలిచి ఈ పాయలే కనవడకపోయేది. 2023 అక్టోబర్ల పిల్లర్లు కుంగినంక గేట్లు లేపి పెట్టిన్రు, గందుకే మల్ల ఇసుక తేలింది. ఇసుక తోడిన గుంతలు నీళ్ల కింద కనవడవు, వంతెన పిల్లర్ల మొదట్ల గూడ కోసుకపోయి లోతుంటది. కట్టె ముందు గుచ్చుకుంట నడువు. ఒక్కనివే పోకు.


సిరోంచ పోరడు:

కాకా, చదువుతుంటె కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆ మడుగు జోలికి ఇగ పోను. మా దిక్కు ఆ మడుగుకు కూడ ఏదన్న పేరున్నదేమో రేపు మా నాయనమ్మను అడుగుత. పిట్టల సంగతి ఎవరికన్న తెలుసా?


పిట్టల టీచర్, అహేరి:

తమ్ముడూ, నీ తల మీదికి వచ్చినవి రివర్ టెర్న్‌లు. నది నడుమ ఇసుక మేటల మీద మార్చి నుంచి మే దాక గుడ్లు పెడతయి. గూడంటూ ఏముండదు, కడుపుతో ఇసుకలో చిన్న గుంట చేసుకుంటయి అంతే, రెండు మూడు గుడ్లు. నేను బడికి సెలవులు ఇవ్వగానే బైనాక్యులర్ వేసుకుని గట్టు మీద కూర్చుంటాను, పదిహేనేళ్ల నుంచి ఇదే నా వేసవి.

ఆ పిట్ట నీ మీదికి ఎందుకు దిగిందో ఆలోచించు. మామూలుగా పిట్ట గుడ్డు మీద కూర్చునేది వెచ్చదనం కోసం. మన దగ్గర మే నెలలో టెర్న్ కూర్చునేది నీడ కోసం. 45 డిగ్రీల ఎండలో ఇసుక కాలిన పెనం లెక్క ఉంటది, తల్లి లేచిపోతే గుడ్డులో పిల్ల ఉడికిపోతుంది. అందుకే తల్లి, తండ్రి మార్చి మార్చి కూర్చుంటయి, మధ్యలో నీళ్లకు పోయి పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్ల మీద ఆ తడితో వాలుతయి. నేను ఒక్క పూటలో ఒక జంట అట్ల పోయి రావడం లెక్కపెడుతూ లెక్క తప్పాను. నువ్వు ఇసుక మీద పావుగంట నిలబడి ఫోటోలు తీస్తే గుడ్డు తొక్కకపోయినా చంపినట్టే. పొద్దున ఆరింటికి పరవాలేదు, తొమ్మిదికి పరవాలేని పని కాదు.

వాటిల్లో పొట్ట నల్లగా, ముక్కు నారింజ రంగులో, కొంచెం చిన్నగా ఉన్నది కనిపిస్తే ఇంకా జాగ్రత్త, అది బ్లాక్ బెల్లీడ్ టెర్న్. రివర్ టెర్న్‌ను ప్రపంచ రెడ్ లిస్టులో హాని పొంచి ఉన్నవాటిలో పెట్టారు, దీన్ని అంతరించే ప్రమాదం ఉన్నవాటిలో పెట్టారు. ఆసియా నదుల ఇసుక మేటలే దాని ఇల్లు, ఇంకెక్కడా లేదు. అదే ఇసుకలో తీతువు జాతివి, పెద్ద కండ్ల గ్రేట్ థిక్ నీ, పిచ్చుకంత ప్రాటింకోల్ కూడా పెడతయి. గుడ్లు కనిపించినయని పక్కన కట్టె పాతడం, రాళ్లు పేర్చడం చెయ్యకు, మంచి మనసుతోనే చేస్తారు కాని కాకులు, కుక్కలు, పిల్లలు ఆ గుర్తు చూసే వస్తరు. నీ చెప్పుల వాసన పట్టుకొని కుక్క వస్తది. నడక అంతా నీటి అంచున తడి ఇసుక మీదనే పెట్టుకో, అక్కడ ఏ పిట్టా గుడ్డు పెట్టదు. ఇసుక ట్రాక్టర్లు మేట మీదుగా అడ్డంగా పోతయి చూడు, ఒక్క సాలుకు ఎన్ని గూళ్లు పోతయో నేను చూసినదాన్ని, అందుకే నీలాంటి ఒక్కడు అడిగినా నాకు సంతోషం.

పొద్దున్నే పోతే నీటికుక్కలు కనబడొచ్చు. ఐదారు కలిసి తిరుగుతయి, చేపలను ఒక పక్కకు తోలి పడతయి. రాయి మీద చేప పొలుసులతో నల్లటి రెట్ట, ఘాటు వాసన ఉంటే అది వాటి అడ్డా, అక్కడ రాడ్ ముడుచుకొని కూర్చో, అరగంట కదలకు. గట్టు మట్టిలో గుండ్రటి బొరియలు లకుముకి పిట్టలవి, నలుపు తెలుపు లకుముకి నీళ్ల మీద గాలిలో ఒక్క చోటే రెక్కలాడిస్తూ నిలబడి నిట్టనిలువుగా దూకుతది. అవతలి ఒడ్డున బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టేవి, అదృష్టం ఉంటే ఎండ పొద్దున నది మీద గిరికీలు కొడుతూ కనబడొచ్చు. పశువులకు వాడే డైక్లోఫెనాక్ మందే, అది పడ్డ పశువుల కళేబరాలు తినడం వల్ల, వాటిని తుడిచిపెట్టింది, 2006లో ఆ మందు ఆపారు, ఇంకా కోలుకోలేదు.

మొసళ్ల సంగతి కూడా చెప్పాలి. గోదావరి మీద, కాళేశ్వరం సంగమానికి పైన మంథని దిక్కు, శివారం అభయారణ్యం మొసళ్ల కోసమే పెట్టింది. నది వాటికి గేటు వేసి లేదు కదా, లోతు నీళ్ల పక్కన మసక చీకట్లో నడుము లోతు దిగకు. ఇటు పులి నది దాటి అటు ఆసిఫాబాద్ అడవికి పోయి వస్తుంటది. 2024 ఏప్రిల్‌లో ఒక ఏనుగు ప్రాణహిత దాటి పోయి ఆ జిల్లాలో ఇద్దరు రైతుల ప్రాణం తీసింది. తడి ఇసుక మీద కొత్త అడుగులు కనబడితే చూడటానికి ముందుకు పోకు, వెనక్కి తిరుగు.

చివరగా, పైన చప్రాల అభయారణ్యం ఉన్నది, అవతల తెలంగాణ వైపు ప్రాణహిత అభయారణ్యం ఉన్నది. ఆ హద్దుల్లో ఫ్లై అయినా వల అయినా అనుమతి లేకుండా వేయడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. ఇడిసిపెడుతున్న కదా అంటే చెల్లదు. మీ రేవు దగ్గర కూడా ముందు మత్స్య సొసైటీ వాళ్లతో మాట్లాడు, ఆ నీళ్లు వాళ్ల అన్నం.


వంశధార గుణుపూర్:

బాబూ నమస్తే, మాది ఒడిశా రాయగడ జిల్లా గుణుపూర్, బళ్లో ఒడియా గాని ఇంట్లో తెలుగే. మీ నది అంత పెద్దది కాదు మా వంశధార, అయినా వేసంగి వచ్చేసరికి అదే కత, ఇసక, రెండు పాయలు, అక్కడక్కడ మడుగులు. నేను కూడా ఫ్లై రాడ్డే వాడతాను, ఆరేళ్లయింది, ఒకటి రెండు మాటలు నాకు తెలిసినవి చెప్తాను.

ఫ్లైలు కొనకండి. బయట కొంటే ఒక్కోటి నూట యాభై రూపాయలు, అవన్నీ ట్రౌట్ కోసం కట్టినవి. సంతలో నాటు పుంజుని కోసినప్పుడు మెడ ఈకలు అడిగి తెచ్చుకోండి, ఎర్రటి పుంజు మెడ ఈకకున్న మెరుపు ఏ ప్యాకెట్‌లోనూ రాదు. మేక తోక వెంట్రుకలు తెచ్చి సబ్బుతో కడిగి ఆరబెట్టుకుంటే చిన్న చేపలాగ ఉండే క్లౌజర్ కట్టుకోవచ్చు, కళ్ల దగ్గర గొలుసు పూసలు కడితే మునుగుతాది, గాలం మొన పైకి తిరిగి ఉంటాది కాబట్టి రాయికి తగులుకోదు. ఆ పెద్దాయన చెప్పినట్టు వాలుగకి అదే పట్టుకెళ్లండి, ముందర జానెడు లావు నైలాన్ వేసుకోండి.

ఆ పెద్దాయన మేడిపండు అన్నారు కదా, ఎర్ర ఊలు గాలానికి ఉండలాగ చుట్టి కత్తెరతో గుండ్రంగా కత్తిరిస్తే సరిపోతాది. చెట్టు కింద టప్‌మని పడాలి, మెల్లిగా వాలకూడదు. హిమాచల్‌లో నేర్పింది దానికి తిరగబడి ఉంటాది.

మీరు ఈ సెలవలకి కుదరకపోయినా తొలకరికి మళ్లీ రండి. మొదటి గట్టి వాన పడ్డ సాయంత్రం పుట్టల్లోంచి ఉసిళ్లు లేస్తాయి చూడండి, దీపాల చుట్టూ ముసురుకుంటాయి, నది మీద రాలతాయి, అప్పుడు పరకలు, రవ్వలు నీళ్లు ఉడికినట్టు లేస్తాయి. అమెరికా ఆయన చెప్పిన కాడిస్ మనకి ఇదే. పొడుగు రెక్కలు రెండు, గోధుమ రంగు ఒళ్లు, అంతే ఫ్లై. ఒక గంటే ఉంటాది ఆ ఆట. కాని వరద మొదలై చేప ఎదురెక్కుతుంటే మాత్రం ఆపేయండి, గుడ్లతో ఉన్నది.

ఇంకోటి ముఖ్యం. మాకు వైశాఖంలో మధ్యాహ్నం మూడు దాటితే కాలబైశాఖి వచ్చేస్తాది, ఉన్నట్టుండి మబ్బు, గాలి, పిడుగులు. ఫ్లై రాడ్డు కార్బన్‌తో చేసింది, తొమ్మిదడుగుల పొడుగు, ఇసక మైదానంలో అది పట్టుకుని నిలబడ్డ మనిషే అన్నిటికన్నా ఎత్తు. ఉరుము వినిపించగానే రాడ్డు కింద పెట్టి గట్టుకి పోండి. పైన కొండల్లో వాన పడితే ఇక్కడ చుక్క పడకపోయినా నీళ్లు పెరుగుతాయి, రంగు మారిందంటే బయటకి వచ్చేయడమే.


సిరోంచ పోరడు:

పది రోజులైంది, పెండ్లి మంచిగ అయింది, రేపు పుణె బండి. అందరు అంత రాసిన్రు కాబట్టి ఏమైందో చెప్పకుంట పోతె తప్పు.

ఐదు పొద్దులు, రెండు సాయంత్రాలు పోయిన, మా మేనమామ కొడుకును ఎంబడి తీస్కపోయిన. థర్మామీటర్ మా ఊర్ల దొరకలే, అక్వేరియం కోసం పెట్టేది ఒకటి మంచిర్యాలకెల్లి తెప్పిచ్చిన. పొద్దున ఆరింటికి పారే పాయల 27, మడుగు అంచుల 29. పదింటికి పాయల 32, అప్పుడు కాళ్లకే తెలుస్తున్నది, వెచ్చగ. అందుకే ఎనిమిదిన్నరకు ఆపిన ప్రతి రోజు. రాయి తిరగేస్తె నిజంగనే మూడు తోకల పురుగులు ఉన్నయన్నా, సన్నగ, గోధుమ రంగు. 16 నంబర్ ఫ్లై కట్టిన, లీడర్ పొడుగు చేసిన, మోకాళ్ల మీద కూసొని విసిరిన. మొదటి రోజే పరకలు ఏడు వచ్చినయి, అరచెయ్యంత, ఎండల ఎండి లెక్క మెరుస్తయి, చెయ్యి నీళ్లల్లనే ఉంచి ఇడిసిన. తీర్థన్‌ల పట్టిన ట్రౌట్ కన్న ఈ పరకకే నాకు మస్తు సంబురమైంది, మా నది చేప గద.

మేడిచెట్టు కింద ఎర్ర ఊలు ఉండ పని చేసింది. మూడు సార్లు ఊకె పోయింది, నాలుగోసారి టప్ మని పడ్డది, నీళ్లు లోపలికి గుంజుకున్నట్టయింది, కిలోకు తక్కువ రవ్వ. కడుపు ఉబ్బి ఉన్నది. కాకా చెప్పింది యాదికొచ్చి దానితోని ఎక్కువ సేపు కొట్లాడియ్యలే, గట్టిగ గుంజి జల్ది ఇడిసిన, ఆ చెట్టు కింద మల్ల వెయ్యలే. సాయంత్రం వాలుగ రెండు సార్లు తగిలింది, ఒకసారి నైలాన్ గూడ కొరికింది, కండ్లవడలే.

టీచరక్కా, తడి అంచున్నే నడిచిన. గట్టు మీదికెల్లి లెక్కవెడితె ఒక్క మేట మీద పదకొండు పిట్టలు కూసొని ఉన్నయి, ఎండ ఎక్కినంక ఒకటి లేచి నీళ్లల్ల పొట్ట ముంచి వచ్చుడు మా తమ్ముడు చూసి నాకు చూపెట్టిండు. పొట్ట నల్లది కనవడలే. నాలుగో పొద్దు నీటికుక్కలు, మూడు పెద్దయి, రెండు పిల్లలు. గంట సేపు కూసున్న, రాడ్ ముట్టలే.

ట్రాక్టర్ల సంగతి. మేట మీదికెల్లి పోయే డ్రైవర్లల్ల ఇద్దరు నాతోని బడి చదివినోళ్లే. ఒకన్ని గట్టు మీదికి తీస్కొచ్చి బైనాక్యులర్‌ల చూపెట్టిన, గుడ్డు నీడల పెట్టుకొని కూసున్న పిట్టను. చాన సేపు చూసిండు. తెల్లారి నుంచి బండి కింది పక్క పాత తొవ్వల పోతున్నది, అరకిలోమీటర్ చుట్టు. మిగిలినోళ్లు పోతరో పోరో చెప్పలేను, వాళ్లకు ట్రిప్పుల లెక్కన పైసలు. నగర పంచాయతిల రాసిచ్చిన, జూన్ దాక ఆ ఒక్క మేటనన్న ఇడిసిపెట్టుమని.

నాయనమ్మను అడిగిన మడుగు పేరు. మా దిక్కు దాన్ని కూడ గంగమ్మ మడుగే అనేటోళ్లట, ఆమె పెండ్లై వచ్చిన కొత్తల రోహిణి కార్తెల ఆడ వల ఎయ్యనియ్యకపోయేటోళ్లట. మా నాయనకు ఆ ముచ్చట తెల్వదు.


ఆసరెల్లి గంగపుత్రుడు:

మంచిగ చేసినవు బిడ్డా. మీ రేవు సొసైటీల మా సడ్డకుడున్నడు, నిన్న మాట్లాడిన. ఈ రోహిణికి ఆ మడుగుల వల ఎయ్యకుంట చూస్త అన్నడు, రాత్రి కాపలాకు ఇద్దరు పోరగాండ్లు కావాలె అంటున్నడు, బ్యాటరీలు లేవట. నీ మేనమామ కొడుకు వస్తడేమో అడుగు. నువ్వు తొలకరికి వస్తె ఇటు సోమనూర్ సంగమం దిక్కు రా, ఇంద్రావతి ఎర్రగ, గోదావరి తేటగ పక్క పక్కన పారేది చూపెడ్త. పుట్టి నాదే, సాయంత్రం నాలుగింటికి రేవు కాడనే ఉంటది.